వెనక్కి తిప్పి పెట్టిన రాయి

పోయినవారం ఐలాని చలిలో వణుకుతుండగా వదిలేశాం. థండర్ బే ఊళ్ళో, ఫిబ్రవరి నెలలో, ఆదివారం పొద్దున్నే ఇంట్లో హీటింగ్ ఆపేసిన మనిషిని ఎవరైనా పిచ్చిదనే అంటారు. ఆపేసింది మరి. హాల్లో అక్వేరియం దగ్గర రోజూ టక్, టక్‌మని ఒక చప్పుడు. "గోడలో గొట్టాలు చలికి ముడుచుకుంటున్నాయిలే" అని భర్త గార్నెట్ కొట్టిపారేశాడు. చేపల నీళ్ళకి వేరే హీటర్ ఉంది కాబట్టి, ఆ గొట్టాల సంగతేదో తేల్చుకుందామనుకుంది ఐలా. గొట్టాలు చల్లబడ్డాయి, ఇల్లు చల్లబడింది, ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. చెవి గాజుకి ఆనించి విన్నాక తెలిసింది, అది అక్వేరియంలోని రాళ్ళ గుట్టలోంచి వస్తోందని.

చేపలు మాయమవడం మొదలై నెల దాటింది. జబ్బు చేసి చస్తే శవం తేలాలి. పైకి దూకి పడితే తివాచీమీద ఎండిపోయి దొరకాలి. రెండూ లేవు. పొద్దుపోయేదాకా తిరుగుతూ కనిపించిన చేప తెల్లారేసరికి ఉండదు, అంతే. నిమ్మకాయ రంగుది పోయింది, నీలంది పోయింది, ఇసుకలో బొరియలు తవ్వుకునేదీ పోయింది. చివరికి చారల క్లౌన్ చేప ఒక్కటే మిగిలి, పైమూల బిక్కుబిక్కుమంటూ ఈదుతోంది. గార్నెట్ నీళ్ళు పరీక్షించాడు. ఉప్పు సరిగ్గా ఉంది, వేడి సరిగ్గా ఉంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీళ్ళలో తప్పు లేకపోతే తప్పు మనుషుల్లోనే ఉండాలి కదా! కింద బేస్‌మెంట్ గదిలో ఉంటున్న బావమరిది రైమో మీద పడ్డాడు.

రైమో ఐలాకి ఒక్కగానొక్క తమ్ముడు. టొరంటోలో తాగుడు మాన్పించే కేంద్రంలో నెలల తరబడి ఉండి, క్రిస్మస్ తరవాత అక్క ఇంటికి చేరాడు. వాడు వచ్చాకే చేపలు పోతున్నాయి. అంటే మళ్ళీ మొదలుపెట్టాడు, మత్తులో గ్లాసు అడుగున మిగిలింది అక్వేరియంలో పోస్తున్నాడు, పొద్దున్నే చచ్చిన చేపని తీసి పారేసి ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతున్నాడు. ఇదీ గార్నెట్ తీర్పు. సాయంత్రం బస్సుకి సడ్‌బరీ వెళ్ళిపొమ్మని చెప్పేసి, తనేమో నిశ్చింతగా ఐసు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ఆడుకోవడానికి పోయాడు.

సడ్‌బరీలో రైమో కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు. అందరూ పాత సీసా స్నేహితులే. అక్కడ దిగితే వారం తిరక్కుండా వాడు మళ్ళీ పాత రైమో అయిపోతాడనీ, ఈసారి ఇక తేలడనీ ఐలాకి తెలుసు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఐలాకి కూడా అనుమానం రాకపోలేదు. మొన్నొకరోజు తమ్ముడు బయటికి వెళ్ళినప్పుడు వాడి కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కాఫీ వాసనే వచ్చింది. అప్పటినుంచీ తన ముక్కంటే తనకే అసహ్యంగా ఉంది.

ఆ అసహ్యమే ఆవిడ చేత ఫోన్ తీయించింది. మధ్యాహ్నానికల్లా లూసీల్ షార్‌బొన్నో గుమ్మంలో నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంటోంది. రిటైరైన పళ్ళ డాక్టరు. ఊళ్ళో సముద్రపు అక్వేరియాలు పెంచేవాళ్ళ క్లబ్బుని పెట్టింది ఆవిడే. ఇప్పుడు అధ్యక్ష పదవి గార్నెట్‌ది. ఆ పదవి తను వదులుకుంది కానీ, దాంతోపాటు రావలసిన అణకువ మాత్రం ఎన్నడూ తెచ్చుకోలేదు. ఓ చేతిలో పళ్ళు చూసే చిన్న అద్దం, కొక్కేల పెట్టె. ఇంకో చేతిలో ఉత్త సోడా సీసాలు.

"ఇదేంటి, ఇల్లంతా ఐసు పెట్టెలా ఉంది? చేపల కంటే ముందు మనం పోయేలా ఉన్నాం. హీటింగ్ పెట్టు ముందు" అంది.

ఐలా పరుగెత్తి పెట్టి వచ్చింది. "గార్నెట్ నాలుగింటికి వచ్చేస్తాడు లూసీల్. ఆయన తప్ప ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదని..."

"తెలుసులే. దేవుడు కూడా సముద్రాన్ని చేసి ఊరుకున్నాడు, చెయ్యి పెట్టొద్దని బోర్డు పెట్టలేదు. నీ మొగుడు పెట్టాడు. చేతులు చూపించు. క్రీములేమైనా రాశావా?"

"లేదు."

"సబ్బు?"

"ఉత్త నీళ్ళతోనే కడిగాను, మోచేతుల దాకా."

"పెళ్ళాన్ని బాగానే తయారుచేశాడు." లూసీల్ కుర్చీ లాక్కుని గాజు ముందు కూర్చుంది. ఐలాకి కాలు నిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చూసింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"కుదురుగా ఉండవే తల్లీ, నీ నీడ పడి చేప బెదురుతోంది" అంది లూసీల్. "ఇంతమంది వచ్చి చూసి వెళ్ళారు కదా, ఎవరైనా నత్తల గురించి అడిగారా?"

"నత్తలా? లేదు. పోతున్నది చేపలైతే..."

"అదే మా క్లబ్బు వాళ్ళ తెలివి. చేప పోతే నీళ్ళు చూస్తారు, ఉప్పు చూస్తారు, లైటు చూస్తారు. ఒక్కడూ ఇసుక వైపు చూడడు. గాజు మీద పాకే నత్తలు ఉండేవి కదా మీకు, గుప్పెడు. ఏవీ?"

ఐలా ఆలోచించింది. ఆకులు రాలే రోజుల్లో అనుకుంటా, గార్నెట్ విసుక్కుంటూ కొత్త నత్తలు తెచ్చి వేశాడు. అవీ పోయాయి. మళ్ళీ తెచ్చాడు. ఇసుకలో పగిలిన గుల్ల ముక్కలు కనిపిస్తే నాసిరకం నత్తలు అమ్మాడని కొట్టువాణ్ణి తిట్టాడు. అప్పటికి రైమో ఇంకా టొరంటోలోనే ఉన్నాడు. ఆ మాట నోటివెంట రాగానే ఐలా కిటికీ సంగతి మరిచి గాజు దగ్గరికి వచ్చింది.

"మొదట నత్తలు. కాస్త ఒళ్ళొచ్చాక చేపలు" అంది లూసీల్. "మీ ఇంట్లో ఒకడు పెరుగుతున్నాడు. బకెట్లు తీసుకురా, ఉప్పునీళ్ళు పోసి. ఒక్కో రాయీ తీద్దాం."

ఆ రాళ్ళు మామూలు రాళ్ళు కావు. సముద్రం అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్నవి. ఒళ్ళంతా చిల్లులు, ఆ చిల్లుల నిండా పురుగులు, పీతలు, పగడపు మొలకలు. ఒక రాయి తెచ్చుకోవడమంటే దాంట్లో కాపురముంటున్న వాళ్ళందర్నీ ఇంటికి పిలుచుకోవడమే. అందుకే క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. ఎంత గొప్పవాడు ఇచ్చిన రాయైనా సరే, ముందు వేరే బకెట్లో ఆరు వారాలు ఒంటరిగా ఉండాలి. అందులోంచి ఏదైనా దుర్మార్గం బయటపడితే బకెట్లోనే పడాలి. ఆ నియమం పెట్టింది గార్నెటే. దాన్ని తప్పాడని పోయిన ఏడు ఒక కుర్రాణ్ణి అందరి ముందూ ఉతికి ఆరేశాడు. ఆ కుర్రాడు మళ్ళీ క్లబ్బు మొహం చూడలేదు.

మూడో రాయి బకెట్లోకి చేరుతుండగా రైమో మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బట్టల సంచీ. గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. వెళ్ళగొడితే వెళ్ళిపోయే మనిషికి అంత శుభ్రం దేనికో.

"ఇదంతా ఏంటి ఐలా? గార్నెట్ చూస్తే నిన్ను బతకనివ్వడు" అన్నాడు.

"నువ్వు ఆ సంచీ కింద పెట్టి బకెట్ పట్టుకో."

"నాకోసం ఆయనతో గొడవ పెట్టుకోకు. నాకు బస్సుల్లో తిరగడం కొత్తా?"

"పట్టుకోరా అంటుంటే!"

పట్టుకున్నాడు. నీళ్ళ వైపే చూస్తూ, నవ్వుతూ అన్నాడు. "ఇంకోసారి నా కప్పు వాసన చూడాలనుకుంటే కడిగాక చూడు. నేను కాచే కాఫీ వాసన ఆరోగ్యానికి మంచిది కాదు."

ఐలా చేతిలోని రాయి జారబోయింది. లూసీల్ దబాయించింది. "అక్కాతమ్ముళ్ళ లెక్కలు తరవాత తేల్చుకోండి. నా కాళ్ళమీద సముద్రం పోయకండి."

గుట్ట వెనకవైపు, గోడకి ఆనుకుని, అడుగున ఒక రాయి ఉంది. ఐలా దాన్ని లాగితే దాని పక్కనున్న రాయి కూడా కదిలింది. రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. రెండు చేతులా జంటని పైకెత్తేసరికి, రాతి లోపలే, అరచేతుల మధ్య టక్‌మంది. ఆ దెబ్బ ఎముకలో తెలిసింది. కెవ్వుమంది ఐలా. వదల్లేదు మాత్రం.

"వేళ్ళు చిల్లుల్లో పెట్టకు!" లూసీల్ అరిచింది. "బొటనవేలు చీల్చేస్తుంది. ఇలా ఇవ్వు. రైమో, ఖాళీ బకెట్ కింద పెట్టు."

రాయిని బకెట్ పైన పట్టుకుని, పళ్ళ అద్దం చిల్లుల్లో పెట్టి వెతికింది. ఒక చిల్లు దగ్గర ఆగింది. దాని అంచున నత్తగుల్ల ముక్కలు, చేప ముల్లు ఒకటి. "తలుపు ముందు చెత్త పోసుకున్నాడు, దరిద్రుడు" అంటూ సోడా సీసా మూత తిప్పింది. సోడా బుసబుసమంటూ చిల్లులోకి దిగింది; ఆ గ్యాసుకి ఊపిరాడక లోపల ఏదున్నా బయటికి రావాల్సిందే. ముందు ఒక పురుగు బయటపడింది. తరవాత గోరంత పీత. తరవాత ఏమీ లేదు. లూసీల్ రెండో సీసా వంపింది.

అప్పుడు వచ్చాడు. అరచెయ్యంత పొడుగు, ఆకుపచ్చ ఒళ్ళు, కాడల మీద అటూ ఇటూ తిరిగే కళ్ళు, గుండెల దగ్గర ముడుచుకున్న రెండు చేతులు. బకెట్లో పడ్డాడో లేదో, ప్లాస్టిక్ గోడని ఆ చేత్తో ఒక్క గుద్దు గుద్దాడు. టక్!

"మాంటిస్ రొయ్య, గుల్లల్ని గుద్ది పగలగొట్టి తినే రకం" అంది లూసీల్ గౌరవంగా. "ఎంత బలిశావురా నాయనా!"

ఐలా నేలమీద చతికిలబడింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒక్కసారే వస్తున్నాయి. వాడు తాగలేదు. వాడు ఏమీ పొయ్యలేదు. తమ్ముడి మోకాలు పట్టుకుని, "నన్ను క్షమించరా, వాసన చూశానురా" అంది. రైమో ఆవిడ తల మీద తడి చెయ్యి వేసి, "నీ చోట నేనుంటే కప్పు నాకి కూడా చూసేవాణ్ణి" అన్నాడు. ఈ ఇంట్లో వాడు ఇక దొంగలా అడుగులెయ్యనక్కర్లేదు. సంచీలో బట్టలు మళ్ళీ అరలోకి వెళతాయి. ఐలాకి కావలసింది అదొక్కటే. అది దొరికింది.

దొరికిన ఆ సంతోషంలో వీధి తలుపు చప్పుడు ఎవరూ వినలేదు.

గార్నెట్ హాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కోటు కూడా విప్పకుండా. సగం ఖాళీ అయిన అక్వేరియం, తడిసిన తివాచీ, బకెట్లు. మామూలుగా అయితే ఇల్లు కప్పు లేచిపోయేది. ఐలా ఆ అరుపుకి సిద్ధపడి లేచి నిలబడింది.

"చూడు గార్నెట్! నీ చేపల్ని తిన్నవాడు దొరికాడు. రా, చూడు!"

గార్నెట్ బకెట్ వైపు చూడనే లేదు. లూసీల్ చేతుల్లోని రాళ్ళ జంటనే చూస్తున్నాడు. "దాన్ని ఎవరు తియ్యమన్నారు?" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

లూసీల్ రాయిని వెనక్కి తిప్పింది. ఇన్నాళ్ళూ గోడ వైపున్న పక్క ఇప్పుడు వెలుతురులోకి వచ్చింది. రాతిని పట్టుకుని పాకిన పలచటి పగడం. నేరేడుపండు రంగు, దాని మీద లేతాకుపచ్చ చుక్కలు. చూడముచ్చటగా ఉంది. ఒక రాతి మీద మొదలై పక్క రాతి మీదకి మూడు వేళ్ళ మేర పాకి, రెంటినీ కలిపి కుట్టేసింది.

"ఇది రొవీనాది" అంది లూసీల్.

గార్నెట్ తల దించుకున్నాడు.

ఈ మనుషుల దగ్గర పగడానికి కులగోత్రాలు ఉంటాయి. ఒక తల్లి ముక్కని గోరంత గోరంత తుంచి చేతులు మార్చుకుంటూ ఉంటారు కాబట్టి, ఏ రంగు ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చూడగానే చెప్పేస్తారు. ఈ నేరేడు రంగు రొవీనా టెస్సియర్ అక్వేరియంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎంతమంది బతిమాలినా గోరంత ముక్క రాల్చలేదు ఆవిడ. ఆవిడకీ గార్నెట్‌కీ క్లబ్బు ఎన్నికల్లో మాటా మాటా పెరిగి, పలకరింపులు కూడా పోయాయి. నడి వేసవిలో ఆవిడ చెప్పాపెట్టకుండా ఊరొదిలి వెళ్ళిపోతే, "పీడ వదిలింది" అన్నాడు గార్నెట్, ఇదే హాల్లో కూర్చుని.

"నీకు ముక్క ఇచ్చిందా రొవీనా?" లూసీల్ అడిగింది. "ముక్కేంటి, రాయికి రాయే ఇచ్చిందే! ఏం గార్నెట్, ఆరు వారాలు బకెట్లో పెట్టావా దీన్ని?"

"నాకు తెలీదు అదెలా వచ్చిందో" అన్నాడు గార్నెట్.

"నీ అక్వేరియంలోకి, నీకు తెలీకుండా?"

"నేనే పెట్టాను."

అందరూ తిరిగి చూశారు. అన్నది రైమో. బకెట్ కింద పెట్టి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"జనవరిలో" అన్నాడు. "వచ్చిన కొత్తలో మంచు ఎత్తడానికి నాలుగిళ్ళకి వెళ్ళేవాణ్ణి కదా. ఆవిడ ఇంట్లో ఎవరూ లేరు. గరాజ్ పక్కన పాత సామాను పారేసి ఉంది, అందులో దొరికింది ఈ రాయి. బావుంది కదా, గార్నెట్ సంతోషిస్తాడని తెచ్చి వెనకాల పెట్టాను. మీ రూల్స్ నాకేం తెలుసు? తప్పు నాదే."

గార్నెట్ తలెత్తాడు. చాలాసేపటి తరవాత ఊపిరి తీసుకున్నట్టు భుజాలు దిగాయి. "చెప్పానా లేదా?" అన్నాడు ఐలాతో. "తాగాడో లేదో, చేసింది మాత్రం వాడే. నా చేపలన్నీ పోయింది వాడి వల్లే. ఇందులో ఇంక మాట్లాడేది లేదు. బస్సు ఏడింటికి."

రైమో బుద్ధిగా తలూపి సంచీ అందుకున్నాడు.

ఐలా కదల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఈ అక్వేరియంలో చెయ్యి పెట్టలేదు కానీ, దాని గురించి వినని రోజు లేదు. నీళ్ళు కాస్త చల్లబడితే పగడం తెల్లబడి చచ్చిపోతుందని గార్నెట్ ఆవిడకి వెయ్యిసార్లు చెప్పాడు. కరెంటు పోయిన రోజున భార్యకి కప్పాల్సిన దుప్పటి అక్వేరియానికి కప్పిన మనిషి! జనవరి నెలలో, ఈ ఊళ్ళో, ఆరుబయట మంచులో పడున్న రాతి మీద పగడం బతికిందంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. రైమోకి అది తెలీదు కాబట్టి చెప్పాడు. గార్నెట్‌కి తెలుసు. తెలిసే ఆ అబద్ధాన్ని పట్టుకున్నాడు.

లూసీల్ నోరు తెరవబోయింది. ఐలా చెయ్యెత్తి ఆపింది. వంగి, రెండు రాళ్ళ మధ్య పాకిన నేరేడు రంగు మీద వేలు ఆనించింది. ఇలాంటి పగడం ఒక వేలి వెడల్పు పాకడానికి రెండు నెలలైనా పడుతుందని ఆదివారం ఆదివారం గొప్పగా కొలిచి చెప్పేది ఎవరు? ఇక్కడ మూడు వేళ్ళుంది. వేసవి దాకా వెళుతుంది లెక్క. బకెట్లో పెడితే ఇంటికొచ్చిన ప్రతివాడూ అదెవరిదని అడుగుతాడు. అందుకే బకెట్లో పెట్టలేదు. అందుకే గోడ వైపు తిప్పి పెట్టాడు. ఆ సంగతి కప్పిపుచ్చుకోవడానికి తన తమ్ముణ్ణి తాగుబోతుని చేశాడు, వాడి చావుకి టికెట్ కొనిపించడానికి కూడా వెనకాడలేదు. ఐలాకి ఒళ్ళంతా మంటెత్తిపోయింది.

రైమో చేతిలోంచి సంచీ లాక్కుంది. తివాచీ మీద పడేసి, దాని మీద కూర్చుంది, ఇంక ఎవరూ దాన్ని కదిలించలేనట్టు.

"వీడు ఎక్కడికీ వెళ్ళడు" అంది. "నువ్వు కూర్చో గార్నెట్. రొవీనా ఇంట్లో వేసవిలో ఏం జరిగిందో చెప్పు. ఆవిడ ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పు."

గార్నెట్ కూర్చోలేదు. ఆవిడ మొహం మీంచి అతని చూపు పైకి, ఆవిడ వెనకాల ఎక్కడికో పోయింది. ఏదో అడుగుతున్నట్టు, అనుమతి కోసం చూస్తున్నట్టు ఉందా చూపు. ఐలా తల తిప్పలేదు. ఎదురుగా సగం ఖాళీ అయిన అక్వేరియం గాజులో హాలంతా కనిపిస్తోంది. అందులో రైమో కనిపించాడు. ఆవిడ వెనక నిలబడి, గార్నెట్ కళ్ళలోకి సూటిగా చూస్తూ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.